తెగే ముందు ఎంత సాగింది?

ఇల్లు కట్టించేవాళ్లు స్టీలు కొట్టుకు వెళితే ముందు వినపడే మాట 'ఫైవ్ హండ్రెడ్ డి'. చువ్వ పొడవునా ఆ అక్షరాలు ఉబ్బెత్తుగా అచ్చుపడి ఉంటాయి. 500 అంటే ఏమిటని మేస్త్రీని అడిగితే 'బలమండీ' అని ఠక్కున చెబుతాడు. దాని పక్కనున్న డి అక్షరం సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ రెండింటిలో అడిగి మరీ తెలుసుకోవలసింది డి గురించేనని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెప్పాలంటే చువ్వ దగ్గర మొదలుపెట్టి గాజు పోగు, ఓడ, రాకెట్టు, సాలెపట్టు మీదుగా మన మడమ దాకా రావాలి.

మన దేశంలో కాంక్రీటు చువ్వలకు ప్రమాణం ఐఎస్ 1786. దాని ప్రకారం 500 అనేది ఉక్కు మళ్లీ వెనక్కి రాకుండా సాగడం మొదలుపెట్టే ప్రతిబలం. దాన్ని మెగాపాస్కళ్లలో కొలుస్తారు. ఒక మెగాపాస్కల్ అంటే చదరపు మిల్లీమీటరు మీద ఒక న్యూటన్ బలం, అంటే సుమారు నూరు గ్రాముల బరువు. ఆ హద్దు దాటాక కూడా లాగుతూ పోతే చువ్వ ఇంకొంత బరువు మోస్తుంది, ఒకచోట శిఖరానికి చేరుతుంది. ఆ శిఖరమే తన్యత బలం. మామూలు 500 రకానికి అది కనీసం 545 ఉండాలి, 500డికి 565. తేడా అంతంతమాత్రమే. డి అంటే డక్టిలిటీ, సాగే గుణం. తెగిపోయేలోపు మామూలు 500 కనీసం 14.5 శాతం సాగాలి, 500డి 16 శాతం సాగాలి. అలా సాగనివ్వకుండా ఉక్కును పెళుసుబార్చే గంధకం, భాస్వరం పాళ్లు కూడా దీంట్లో ఇంకా తక్కువ ఉండాలి.

ఈ పరీక్షను ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో యూటీఎం అనే యంత్రం మీద చేసి చూపిస్తారు. 16 మిల్లీమీటర్ల చువ్వ ముక్క తీసుకుని దాని మీద 80 మిల్లీమీటర్ల ఎడంలో రెండు గుర్తులు పెడతారు. రెండు కొసలనూ పళ్లున్న దవడల మధ్య బిగించి లాగడం మొదలుపెడతారు. పది టన్నుల దాకా కంటికి ఏమీ కనపడదు. అక్కడి నుంచి చువ్వ పైనున్న నల్లటి పొలుసు పెచ్చులుగా రాలుతుంది. లోపల ఉక్కు సాగుతోందని అదే మొదటి జాడ. పదకొండున్నర టన్నుల ప్రాంతంలో బరువు చూపే ముల్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. ఆ క్షణంలో చువ్వను చూస్తూ ఉండాలి. ఏదో ఒకచోట నడుము సన్నబడుతుంది, చూస్తున్నవాళ్లు ఉలిక్కిపడేంత చప్పుడుతో అక్కడే తెగుతుంది. తెగిన కొసలు చేతికి వెచ్చగా తగులుతాయి. రెండు ముక్కలనూ కలిపి పెట్టి గుర్తుల మధ్య దూరం కొలిస్తే 80 కాస్తా 93 దాకా వచ్చి ఉంటుంది.

ఆ వెచ్చదనం విలువైన సమాచారం. చువ్వను లాగడానికి యంత్రం పెట్టిన శక్తిలో ఎక్కువ భాగం అలా వేడిగా మారింది. భూకంపం వచ్చినప్పుడు భవనంలోకి చొరబడే శక్తి కూడా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. సాగే ఉక్కు దాన్ని తనలో ఖర్చు చేసుకుంటుంది. స్తంభం వంగుతుంది, కాంక్రీటు పెచ్చులూడుతుంది, లోపలి మనుషులకు బయటపడే వ్యవధి దొరుకుతుంది. బలం సమానంగా ఉండి సాగే గుణం లేని ఉక్కయితే ఆ వ్యవధి ఉండదు. తెగేలోపు పదార్థం మింగగలిగే ఈ శక్తిని ఇంజనీర్లు టఫ్‌నెస్ అంటారు. ఎంత బరువు మోసింది, ఎంత సాగింది అన్న రెండూ కలిస్తేనే అది తేలుతుంది.

ఇంతకీ ఒక పదార్థానికి తన్యత బలం ఇంత అని ఎవరు నిర్ణయించారు? అణువుల మధ్య బంధాలే నిర్ణయించాలి కదా అనుకుంటాం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. లెక్కకూ ప్రయోగానికీ మాత్రం ఎక్కడా పొంతన కుదరలేదు. గాజులోని బంధాల ప్రకారం దాని బలం 11 వేల మెగాపాస్కళ్ల దాకా ఉండాలి. మామూలు గాజు కడ్డీని లాగితే 170 దగ్గరే విరిగిపోతుంది.

ఈ ముడిని విప్పినవాడు ఇంగ్లండులో ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో పనిచేసిన ఎ.ఎ. గ్రిఫిత్. ఆయన ముందున్న అసలు సమస్య విమానాల లోహ భాగాల మీద పడే గీతలు. చిన్న గీత పడిన చోటే భాగం ఎందుకు విరుగుతోందో తేల్చుకోవడానికి లోహాన్ని పక్కనపెట్టి గాజును ఎంచుకున్నాడు. గాజు కరిగించి పోగులు లాగాడు, ఒక్కొక్కటీ సన్నం చేసుకుంటూ పోయాడు. దాదాపు ఒక మిల్లీమీటరు మందం పోగు 170 మెగాపాస్కళ్లకు తెగింది. సన్నబడేకొద్దీ అంకె పెరిగింది. మిల్లీమీటరులో మూడువందో వంతు మందానికి వచ్చేసరికి 3,400 చేరింది. పదార్థం అదే, కొలిమి అదే. మందం తగ్గితే బలం ఇరవై రెట్లయింది. అప్పుడే లాగిన పోగు ఇంకా గట్టిగా ఉండేదనీ, గంటలు గడిచేకొద్దీ నీరసపడేదనీ కూడా గమనించాడు. 1921లో అచ్చయిన ఆ పరిశోధనా పత్రం ఇప్పటికీ చదివి ఆనందించదగినది.

గ్రిఫిత్ ఇచ్చిన సమాధానం ఇది: మామూలు గాజు నిండా కంటికి కనపడని బీటలున్నాయి. బట్టల కొట్టులో గుడ్డ చింపేవాడు ముందు అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి తర్వాత రెండు చేతులా లాగుతాడు, గుడ్డంతా ఆ గాటు వెంటే బారుగా చిరుగుతుంది. పదార్థంలో బీట చేసే పని కూడా అదే, చుట్టుపక్కల లాగుడునంతా తన మొన దగ్గర పోగుచేస్తుంది. పలకలో గుండ్రటి రంధ్రం ఉంటే దాని అంచున ప్రతిబలం మూడు రెట్లవుతుందనీ, రంధ్రం సన్నగా బీటలా మారేకొద్దీ అది ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుందనీ 1913లోనే ఇంగ్లిస్ అనే ఇంజనీరు లెక్కగట్టాడు. గ్రిఫిత్ దానికి శక్తి లెక్క జోడించాడు. బీట ముందుకు సాగాలంటే కొత్త ఉపరితలం పుట్టాలి, దానికి శక్తి కావాలి. లాగిన పదార్థంలో నిలవున్న శక్తి బీట సాగినకొద్దీ విడుదలవుతుంది. వచ్చేది పోయేదాన్ని మించిన క్షణాన బీటకు ఇక ఆపు ఉండదు. బీట ఎంత పొడవైతే ఆ క్షణం అంత తక్కువ బరువుకే వస్తుంది. సన్నపోగులో పెద్ద బీటకు చోటే లేదు కాబట్టి అది గట్టిది. గ్రిఫిత్ తర్వాత ఈ దారి వదిలి జెట్ ఇంజన్ల టర్బైన్ల వైపు వెళ్లి అక్కడా పేరు తెచ్చుకున్నాడు. ఆయన బీటల సిద్ధాంతాన్ని లోహాలవాళ్లు అందిపుచ్చుకోవడానికి పాతికేళ్లకు పైగా పట్టింది.

నూలు పరిశోధకులు మాత్రం ఇంచుమించు అదే కాలంలో తమ దారిన తాము దగ్గరి సంగతే కనిపెట్టారు. మాంచెస్టర్‌లో ఎఫ్.టి. పియర్స్ 1926లో పత్తి నూలును వేర్వేరు పొడవుల్లో తెంపి చూశాడు. పొడవు పెరిగేకొద్దీ సగటు బలం తగ్గింది. నూలు ఎక్కడ బలహీనమో అక్కడే తెగుతుంది, పొడవు ఎక్కువైతే మరీ బలహీనమైన చోటు ఒకటి దాంట్లో పడే అవకాశం ఎక్కువ. మన నేతగాళ్లకు ఇది చేతులకు తెలిసిన విషయం. పేక కన్నా పడుగు దారం మీదే నిలకడగా లాగుడు ఉంటుంది, అచ్చు ఒరిపిడీ దానికే. అందుకే గంజి పెట్టేది పడుగుకు. లేచిన నూగు అణిగి, వదులుగా ఉన్న పోగులు ఒకదానికొకటి అంటుకుని, దారంలోని బలహీనమైన చోట్లు కాస్త నిలదొక్కుకుంటాయి.

ఒకే అణువు మందం ఉన్న కార్బన్ పొర, అంటే గ్రాఫీన్ బలం 130 గిగాపాస్కళ్లు (ఒక గిగాపాస్కల్ అంటే వెయ్యి మెగాపాస్కళ్లు) అని పత్రికల్లో చూసినప్పుడు గ్రిఫిత్‌నూ పియర్స్‌నూ గుర్తుచేసుకోవడం మంచిది. 2008లో కొలంబియా విశ్వవిద్యాలయంలో వచ్చిన ఆ అంకె నిజమే. కాకపోతే అది సూక్ష్మమైన గుంటల మీద పరిచిన, లోపంలేని ఒంటి పొరను మొనతో నొక్కి రాబట్టింది. మీటర్ల పొడవు తాడుకు అదే అంకె వర్తిస్తుందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. నమూనా ఎంత చిన్నదో చెప్పకుండా బలం ఒక్కటే చెప్పడం సగం సమాచారం.

గాజు సంగతి అలా ఉంటే ఇనుము మరో రకం. దాని స్ఫటికాల్లో అణువుల వరసలు అక్కడక్కడ తప్పి ఉంటాయి. ఆ తప్పిన వరసలు కాస్త లాగుడుకే జరుగుతాయి, అందువల్ల లోహం సాగుతుంది. బీట మొన దగ్గర కూడా ఇదే జరిగి మొన మొద్దుబారుతుంది, పోగుపడిన ప్రతిబలం చల్లారుతుంది. తప్పిన వరసలు జరగడం వల్లే లోహం సాగుతుందని 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యీ ముగ్గురూ ఎవరికివారు చెప్పారు. బలం పెంచాలంటే ఆ వరసలు జరగకుండా అడ్డుకట్టలు వేయాలి. కార్బన్, మిశ్రలోహాలు, సాగదీత అన్నీ చేసేది అదే. అడ్డుకట్టలు ఎక్కువైతే బీట మొన మొద్దుబారదు. బలం పెరిగి టఫ్‌నెస్ తరుగుతుంది. లోహశాస్త్రంలో ఇంతకన్నా మొండి చిక్కు లేదు.

చలి కూడా ఆ వరసలను బిగదీస్తుంది. 1943 జనవరి 16న అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర షెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ సముద్ర పరీక్షలు ముగించుకుని రేవులో కట్టేసి ఉంది. నీరు నిశ్చలంగా ఉంది, గాలి సున్నా డిగ్రీలకు కొంచెం దిగువన ఉంది. రాత్రివేళ మైలు దూరం వినపడేంత చప్పుడుతో డెక్కు, రెండు పక్కలూ అడ్డంగా పగిలి ఓడ నడుము విరిగింది. అడుగు రేకులు మాత్రం తెగకుండా మిగిలాయి. అప్పుడు డెక్కు మీద ఉన్న ప్రతిబలం 70 మెగాపాస్కళ్ల లోపేనని లెక్క. అలాంటి ఓడ ఉక్కు తన్యత బలం 400 దరిదాపుల్లో ఉంటుంది. యుద్ధకాలంలో హడావుడిగా కట్టిన లిబర్టీ ఓడల్లోనూ ఇలాంటి పగుళ్లు చాలా కనపడ్డాయి. చాలాచోట్ల వెల్డింగు లోపం దగ్గరో, డెక్కు తలుపుల చదరపు మూలల దగ్గరో మొదలయ్యేవి. పాత ఓడల్లో రేకులను రివెట్లతో కలిపేవారు కాబట్టి పగులు రేకు అంచుకు వచ్చి ఆగేది. వెల్డు చేసిన ఓడ అంతా ఒకే రేకు, ఆపే అంచే లేదు. అసలు దోషం ఉక్కులోనే ఉందనీ, ఒక ఉష్ణోగ్రతకు దిగువన అది సాగడం మాని గాజులా పగులుతుందనీ కేంబ్రిడ్జిలో కాన్‌స్టెన్స్ టిప్పర్ నిరూపించింది. పరీక్షశాల వెచ్చదనంలో లాగి చూసినవాళ్లకు ఆ ఉక్కులో ఏ లోపమూ కనపడలేదు.

రాకెట్ మోటారు కవచాల చరిత్రలోనూ ఇలాంటి ఘట్టం ఒకటుంది. 1960లలో అమెరికాలో 260 అంగుళాల వ్యాసం ఉన్న ఘన ఇంధన మోటార్లు తయారుచేయబోయారు. కవచానికి ఎంచుకున్నది మారేజింగ్ స్టీలు, అంటే కార్బన్ దాదాపు లేకుండా నికెల్ 18 శాతం, దానికి తోడు కోబాల్టు, మాలిబ్డినం, టైటానియం కలిపి గట్టిపరచిన ఉక్కు. రెండు కంపెనీలు పోటీపడ్డాయి. ఒకటి 250 రకం వాడింది, ఇంకోటి బలం తక్కువైన 200 రకం వాడింది. 1965 ఏప్రిల్‌లో మొదటిదాన్ని నీళ్లు నింపి పరీక్షిస్తుంటే, చేరాల్సిన పీడనంలో సగం దాటిన కాసేపటికే కవచం ముక్కలైపోయింది. వెల్డులో మిగిలిన చిన్న లోపం దగ్గర మొదలైన పగులు అది. బలం తక్కువైన కవచం పరీక్ష నెగ్గి, ఆ ఏడాదే సెప్టెంబరులో ఫ్లోరిడాలో మండి చూపించింది. 250 అన్నది చదరపు అంగుళానికి రెండున్నర లక్షల పౌండ్లు, అంటే దాదాపు 1,720 మెగాపాస్కళ్లు.

మన పీఎస్ఎల్‌వీ మొదటి అంచె కవచం ఈ 250 కుటుంబం ఉక్కుదే. 2.8 మీటర్ల వ్యాసం ఉన్న ఆ మోటారు దాదాపు 139 టన్నుల ఇంధనం మోస్తుంది. ఆ ఉక్కును హైదరాబాదులో కంచన్‌బాగ్‌లోని మిధాని తయారుచేస్తుంది. 1965లో పగిలిన రకానికి చెందిన ఉక్కునే మనవాళ్లు దశాబ్దాలుగా భద్రంగా వాడుతున్నారంటే, దాని వెనక కరిగింపులో శుద్ధత ఉంది, ప్రతి వెల్డునూ అణువణువూ వెతికే శ్రమ ఉంది. ఎంత పొడవు బీటను ఈ ఉక్కు తట్టుకోగలదో, అంతకన్నా చిన్న బీటను మన పరికరం పట్టుకోగలదో లేదో అని లెక్కవేసుకుని చేసే పని అది. నాకు గర్వంగా అనిపించేది ఆ లెక్కే.

ఇక ప్రాణుల వంతు. క్యోటోలో హిరోషి యమాదా బృందం ఏళ్ల తరబడి మనుషుల, జంతువుల కణజాలాలను లాగి, వంచి, మెలిపెట్టి కొలిచింది. 1970లో ఆ కొలతలు ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. అలాంటి పట్టికలు చూస్తే ముందు కాస్త నిరాశ కలుగుతుంది. ఎముక నిలువునా లాగితే 150 మెగాపాస్కళ్ల ప్రాంతంలో తెగుతుంది, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనానిదీ నూరు, నూట యాభైల లెక్కే. చువ్వ పక్కన ఇవి పీలగా కనపడతాయి. అయినా పరుగెత్తే మనిషి మడమ పైనున్న బంధనం అడుగు అడుగునా శరీర బరువుకు చాలా రెట్లు మోస్తూ ఏళ్లకేళ్లు పనిచేస్తుంది.

ఎముక రహస్యాల్లో ఒకటి గ్రిఫిత్ పోగులోనే ఉంది. ఎముకలోని ఖనిజం సుద్దలా పెళుసైనదే. అది కొలాజెన్ నడుమ కొద్ది నానోమీటర్ల మందం పలకలుగా పరుచుకుని ఉంటుంది. అంత సన్నటి పలకలో బీట ఉన్నా దానికి సాగే బలం చాలదని 2003లో గావ్, ఫ్రాట్జల్ తదితరులు లెక్కకట్టి చూపారు. పైస్థాయిలో పగులు ఎదురైన పొర దగ్గరల్లా దారి మళ్లుతుంది, మెలికలు తిరుగుతుంది, శక్తి కోల్పోతుంది.

రాళ్లకు కరుచుకుని బతికే లింపెట్ అనే సముద్రపు నత్త పంటిలో ఈ కిటుకు పరాకాష్ఠకు చేరింది. రాతి మీది నాచును గీకి తినే ఆ పళ్లు మిల్లీమీటరు కూడా ఉండవు. వాటిలో గోథైట్ అనే ఇనుప ఖనిజం సన్నపోగులుగా అల్లుకుని ఉంటుంది. 2015లో పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో ఆసా బార్బర్ బృందం పంటిలోంచి వెంట్రుకకన్నా ఎన్నోరెట్లు సన్నటి నమూనాలు చెక్కి లాగితే 3 నుంచి 6.5 గిగాపాస్కళ్లు వచ్చింది. అంతవరకు కొలిచిన ఏ జీవ పదార్థానికీ అంత బలం లేదు. నమూనా పెద్దదైనా చిన్నదైనా బలం మారలేదు. ఇంజనీర్లకు అంకెకన్నా ఈ చివరి మాటే ఎక్కువ ఆశ కలిగించేది.

సాలెపట్టు ఉక్కుకన్నా గట్టిదనే మాటను కాస్త విప్పి చూడాలి. తోట సాలీడు వేలాడే దారం బలం 1,100 మెగాపాస్కళ్లు. వేలాడే వంతెనల తీగలు అంతకన్నా గట్టివి, జపాన్‌లోని అకాషి కైక్యో వంతెన తీగ 1,800 మోస్తుంది. అయితే సాలీడు దారం తెగేలోపు నాలుగోవంతుకు పైగా సాగుతుంది. కెనడాలో జాన్ గాస్‌లైన్ చెప్పిన లెక్క ప్రకారం ఘన సెంటీమీటరు పట్టు 160 జూళ్ల శక్తి మింగుతుంది, కెవ్లార్ 50, సాగని హైటెన్సైల్ ఉక్కు 6. ఆ చివరి అంకె చూసి ఉక్కును తీసిపారేయకూడదు. పైన చెప్పిన 500డి చువ్వకు అదే లెక్క కడితే 80 దాకా వస్తుంది. బరువు లెక్క తీస్తేనే పట్టు అందనంత పైకి వెళుతుంది, దాని సాంద్రత ఉక్కులో ఆరోవంతే. దాంట్లో కొద్ది నానోమీటర్ల గట్టి స్ఫటికాలు ఉంటాయి, వాటి మధ్య ముడుచుకున్న మెత్తటి ప్రొటీన్ గొలుసులు ఉంటాయి. లాగినప్పుడు గొలుసులను పట్టి ఉంచే బలహీనమైన హైడ్రోజన్ బంధాలు ఒక్కొక్కటే తెగుతూ శక్తిని వేడిగా మారుస్తాయి. మింగిన శక్తిలో మూడింట రెండొంతులు అలా పోతుంది కాబట్టి ఈగ వచ్చి గూడులో పడితే తిరిగి ఎగిరి బయటపడదు.

జీవ పదార్థాలను కొలవడం చువ్వను కొలిచినంత తేలిక కాదు. స్నాయుబంధనం తడిగా, జారుడుగా ఉంటుంది. గట్టిగా బిగిస్తే దవడల దగ్గరే నలిగి తెగుతుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది. అందుకని దవడలను బాగా చల్లబరచి, పట్టుకున్న కొసలను మాత్రం గడ్డకట్టించి, మధ్య భాగాన్ని వెచ్చగా తడిగా ఉంచి లాగుతారు. ఆరితే ఒక అంకె, తడిస్తే ఒక అంకె, త్వరగా లాగితే ఒకటి, నెమ్మదిగా లాగితే మరొకటి.

ఆ నెమ్మది ఎంత తేడా తెస్తుందో ఇంగ్లండులో లీడ్స్‌లో వాంగ్, కెర్ చేసిన ప్రయోగం చూపించింది. కంగారూ జాతికి చెందిన వాలబీ తోకలోని బంధనాన్ని గబగబా లాగితే 144 మెగాపాస్కళ్లు మోసింది. పది మెగాపాస్కళ్ల లాగుడునే అలా వదలకుండా పట్టి ఉంచితే కాలం గడిచాక దానికే తెగింది. బతికున్న వాలబీ కండరం బిగించినప్పుడు ఆ బంధనం మీద పడేది సుమారు 13.5. అంటే రోజువారీ పనికే అది అరుగుతూ ఉంటుంది, లోపలి కణాలు ఎప్పటికప్పుడు కొలాజెన్ బాగుచేస్తూ ఉంటాయి. మనలోనూ ఆ మరమ్మతు నెమ్మదిగానే జరుగుతుంది, ఎందుకంటే బంధనాలకు రక్తం అందేది తక్కువ. మడమ పైన బంధనం తెగినవాళ్లకు కొత్తగా పడే కొలాజెన్ పోగులు మొదట అడ్డదిడ్డంగా ఉంటాయి. లాగుడు పడే దిశకు అవి సర్దుకోవడానికి నెలలు పడుతుంది, ఆ సర్దుబాటుకు కొంత లాగుడు తగలడం కూడా అవసరం. ఫిజియోథెరపిస్టులు కదలికను పూర్తిగా ఆపేయకుండా, తొందరపడి పరుగెత్తించకుండా, బరువును వారం వారం కొద్దికొద్దిగా పెంచేది అందుకే.